రేడియోగారి అమ్మాయి

పొద్దున పాలు పొంగే వేళకి రేడియోగారి గొంతు కూడా పొంగుతుంది. బకెట్టు నిండిందని చెప్పినా, పేపరు ఇంకా రాలేదని చెప్పినా దేశం మొత్తానికి వినిపిస్తున్నట్టే ఉంటుంది. ఆయన ఏళ్ళ తరబడి రేడియోలో వార్తలు చదివి, కిందటేడే పదవీ విరమణ చేశారు. ఇప్పటికీ కూరగాయల కొట్లో టమాటాల ధర అడిగితే పక్కనున్నవాళ్ళు తల తిప్పి, "ఈ గొంతు ఎక్కడో విన్నామండీ" అంటారు. ఆ ఒక్క మాట కోసమే ఆయన రోజూ కూరగాయలకి వెళతారని భార్యకి అనుమానం.

ఆ ఇంట్లో మాటల్ని మరీ పొదుపుగా వాడేది ఆయన కూతురు. ఇరవై దాటిన పిల్ల. ఆటిజం అని చిన్నప్పుడే చెప్పారు. సంతోషం వస్తే రెండు చేతులూ గాలిలో టపటపలాడిస్తుంది. అది చూసి నానమ్మ పిచ్చుక అని ముద్దుపేరు పెట్టింది. ఇంటిల్లిపాదికీ అదే అలవాటైపోయింది.

ఆ పొద్దున కూడా పిచ్చుక వంటింటి గుమ్మంలో ఖాళీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా పాలగిన్నెతో తండ్రి.

"ఊఁ, చెప్పమ్మా," అన్నారు.

పిచ్చుక తన చూపుని ఎక్కడినుంచో లాక్కొచ్చి ఆయన ముఖం మీద నిలబెట్టింది. "శుభోదయం నాన్నగారూ. రాత్రి బాగా నిద్రపట్టిందా?" అంది, ఒకే ఊపిరిలో, ఎత్తూ పల్లం లేకుండా.

"నిద్ర. 'ద్ర' తేలిపోతోంది. ఇంకోసారి."

బల్ల దగ్గర రొట్టెముక్క నములుతున్న నానమ్మ విసుక్కుంది. "ఒరే, నీ నిద్ర సంగతి తర్వాత చూసుకుందువు గానీ, ముందు దానికి పాలు పొయ్యరా. మీగడ కట్టేస్తోంది."

ఆయన పోశారు. పిచ్చుక కప్పు అందుకుని చూపు దించేసి, కిటికీ పక్కన తన స్టూలు మీదికి వెళ్ళి సన్నగా కూనిరాగం తీసుకుంటూ తాగింది.

చూసేవాళ్ళకి అది కఠినంగా అనిపించేదేమో గానీ, ఆయనకి మాత్రం కూతురి మీద ఉన్న ప్రేమంతా అందులోనే ఉండేది. పిల్లకి చాలా ఏళ్ళ దాకా ఒక్క మాట కూడా రాలేదు. డ్యూటీ నుంచి రాగానే ఆయన చొక్కా కూడా విప్పకుండా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అద్దం ముందు పెదవులు ఎలా కదపాలో చూపించేవారు. ఒకనాడు పిల్ల "నీళ్ళు" అంది. ఆ సాయంత్రం వార్తలు చదువుతుంటే ఆయన గొంతు వణికింది. ఎవరో పెద్దమనిషి పోయారేమోనని శ్రోతలు కంగారుపడ్డారు. ఆ తర్వాత పలక మీద అక్షరాలు కూడా దిద్దించారు. ఒక్కో మాటా, ఒక్కో వాక్యమూ ఆయన చేతుల మీదుగా వచ్చినవే. అందుకే పిచ్చుక నోట మాట వస్తే ఆయనకి పంట చేతికొచ్చినంత తృప్తి.

ఆ రోజు భార్య ఆస్పత్రికి సెలవు పెట్టింది. ఆవిడ నర్సు. సెలవు దొరకడమే గగనం. అయినా ఆ రోజు థెరపీ సెంటర్లో అందరూ కలిసి కూర్చుంటామన్నారని పట్టుబట్టి పెట్టింది.

ఆ సెంటర్‌కి వాళ్ళు కొత్తేం కాదు. ఇదివరకు ఒక్కొక్కరిది ఒక్కో గది. మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు ఒక గదిలో, ఒంటికీ చేతులకీ రోజువారీ పనులు అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇంకో గదిలో, మనసు సంగతి చూసే సైకాలజిస్టు మరో గదిలో. ఒకరు కళ్ళలోకి చూసి మాట్లాడించమని చెబితే, ఇంకొకరు అలా చూడమని బలవంతపెడితే పిల్ల అలసిపోతుందని చెప్పేవారు. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియదు. ఇద్దరి మధ్యా పిచ్చుక నలిగింది. ఇంటికొచ్చాక ఎవరి మాట వినాలో తెలియక తల్లీ తండ్రీ పోట్లాడుకునేవారు. కొత్తగా వచ్చిన సైకాలజిస్టు మేడమ్ ఈ పద్ధతి మార్చింది. పెద్ద గదిలో గుండ్రటి బల్ల వేయించి, ఇక మీదట ఏ నిర్ణయమైనా ముగ్గురూ కలిసే తీసుకోవాలంది. పిచ్చుకకి కూడా ఒక కుర్చీ వేయించింది. ఇన్నేళ్ళలో తన గురించిన మాటలు జరిగేచోట ఆ పిల్ల కూర్చోవడం అదే మొదలు.

"అమ్మాయికి ఏం రాదో మా ఫైళ్ళ నిండా ఉంది," అంది మేడమ్. "ఏం వచ్చో మాత్రం ఎక్కడా కనపడలేదు. ఇవాళ అక్కణ్ణించి మొదలుపెడదాం."

రేడియోగారు గొంతు సవరించుకున్నారు. పలకరింపులు తప్పుల్లేకుండా చెబుతుందని, ఇంటి చిరునామా చెబుతుందని, ఎదుటివాళ్ళని గౌరవంగా సంబోధిస్తుందని వరసపెట్టి చెప్పుకొచ్చారు. మేడమ్ ఓపిగ్గా అంతా వింది. అవన్నీ మీరు నేర్పినవి కదా, ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఇష్టపడి చేసేది ఏమిటని అడిగింది. ఆయన భార్య వైపు చూశారు. భార్య అందుకుంది. మా ఇంట్లో ఎవరి కళ్ళజోడు పాడైనా దాని చేతికే వెళుతుందని చెప్పింది. అత్తగారు తన జోడు మీద తనే కూర్చుని కాడ వంచేసుకుంటే, పిచ్చుక దాన్ని వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక మెల్లిగా సరిచేసి, బల్ల మీద బోర్లా పెట్టి రెండు కాడలూ సమంగా ఆనుతున్నాయో లేదో కళ్ళు అక్కడే పెట్టి చూసిందట. ఇప్పుడు పక్కింటివాళ్ళు కూడా తెచ్చిస్తున్నారట.

మేడమ్ ఫక్కున నవ్వింది. "నాకు తెలియకపోతే కదా. నేను వచ్చిన మొదటి రోజే నా ముక్కు మీది జోడు లాగేసుకుంది."

ఆ రోజు గుర్తొచ్చి రేడియోగారి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడాయన ఎన్నిసార్లు క్షమాపణ చెప్పుకున్నారో. ఆ జోడు ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా జారలేదని మేడమ్ ఇప్పుడు చెబుతోంది.

స్పీచ్ థెరపిస్టు చిన్నవయసు అమ్మాయి. ఆమె తన టాబ్లెట్‌ని పిచ్చుక వైపు జరిపి, కళ్ళజోళ్ళంటే నీకు ఎందుకిష్టమని అందులో రాసింది. పిచ్చుక చాలాసేపు ఊగుతూ కూర్చుంది. రేడియోగారు సాయంగా ఏదో అందించబోతే ఆ అమ్మాయి చేత్తో ఆగమని సైగ చేసింది. అప్పుడు పిచ్చుక ఒక వేలితో ఒక్కో అక్షరమే కొట్టింది. "వంకర కాడ చూస్తే నాకు ఒళ్ళంతా దురద."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. పిచ్చుక చేతులు టపటపలాడాయి. రేడియోగారు ఒక్కరే నవ్వలేదు. ఆ వాక్యం ఆయన నేర్పింది కాదు. అది పిల్ల మాటో, ఆ యంత్రం అందించిన మాటో ఆయనకి అంతుపట్టలేదు. నోరుండగా వేళ్ళతో మాట్లాడటం ఏమిటని అక్కడే అడిగేశారు.

"నోరు నోరే సార్. ఇది ఇంకో దారి. ఏ దారిలో సులువుగా వస్తే ఆ దారిలో రానిద్దాం," అంది ఆ అమ్మాయి. ఆ టాబ్లెట్‌ని పిచ్చుక దగ్గరే ఉంచమని ఇచ్చి, పొద్దున పాల దగ్గర చెప్పించే వాక్యం కూడా కొన్నాళ్ళు ఆపి చూడమంది. చూద్దాం అన్నారాయన. ఆ 'చూద్దాం' ఎలాంటిదో భార్యకి బాగా తెలుసు.

ఆక్యుపేషనల్ థెరపిస్టు తాటిచెట్టంత మనిషి. నానమ్మ ఆయన్ని పొడుగాయన అనేది. ఆయనకి తెలిసినావిడ ఒకరు బజారులో కళ్ళజోళ్ళ షాపు నడుపుతోంది. వెనక గదిలోనే లెన్సులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, సరిచేసి ఇస్తారు. పిచ్చుకని కొన్నాళ్ళు పొద్దుటిపూట అక్కడ పెట్టి చూద్దామని ముగ్గురూ అనుకున్నారు.

తర్వాత వాళ్ళు పనిచేసిన తీరు చూసి తల్లి ఆశ్చర్యపోయింది. పిచ్చుక కంటే ముందే పొడుగాయన వెళ్ళి ఆ వెనక గదిలో పొద్దంతా కూర్చుని వచ్చారు. మినుకుమినుకుమంటున్న ట్యూబులైటు మార్పించారు. పిల్ల కుర్చీని గోడవైపు తిప్పించారు, వచ్చేపోయేవాళ్ళు కంట్లో పడకుండా. ఆమె వేసుకోబోయే ఏప్రన్ మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్‌ని బ్లేడుతో కోసేశారు. స్పీచ్ అమ్మాయి అక్కడి పనివాళ్ళతో కూర్చుని, ఒక్కసారికి ఒక్క మాటే అడగమని, అడిగి ఆగమని, జవాబు ఆలస్యమైతే మళ్ళీ అడిగి కంగారు పెట్టవద్దని చెప్పింది. పిల్ల కూనిరాగం పలచబడితే అలసిపోయినట్టు గుర్తు అని, అప్పుడు పక్కనున్న స్టోరు గదిలో కాసేపు ఒంటరిగా వదిలేయమని మేడమ్ చెప్పింది. ఆ గుర్తు మేడమ్‌కి చెప్పింది తల్లే.

వాళ్ళలో వాళ్ళకీ మాట తేడాలొచ్చాయి. లెన్సులు అరగదీసే మిషన్ కీచుమంటుంది కాబట్టి చెవులకి హెడ్‌ఫోన్లు ఉండాల్సిందేనని పొడుగాయన, అవి పెట్టుకుంటే ఎవరు పిలిచినా వినపడక పిల్ల ఒంటరిదైపోతుందని స్పీచ్ అమ్మాయి. ఇద్దరూ కాసేపు గట్టిగానే వాదించుకున్నారు. పెట్టుకునే మనిషి ఇక్కడే ఉంది కదా అని మేడమ్ గుర్తుచేసింది. పిచ్చుక టాబ్లెట్లో కొట్టింది: "మిషన్ తిరిగితే కావాలి. ఆగితే వద్దు." ఇద్దరూ అలాగే రాసుకున్నారు.

పని మొదలైంది. షాపు యజమానురాలు బొద్దుగా ఉండే మనిషి. జోడు నుదుటి మీదికి ఎక్కించుకుని షాపంతా దాని కోసమే వెతుక్కుంటూ ఉండేది. మొదట్లో ఆమె రిపేరుకి వచ్చే పాతజోళ్ళ ట్రే మాత్రం పిచ్చుక ముందు పెట్టింది. పిచ్చుక వేడిగాలి మీద కాడ పట్టి, వేలితో తడిమి, వంచి, బోర్లా పెట్టి చూసి, మళ్ళీ వంచేది. వదులైన మర కనపడితే బిగించేది. లెన్సు మీద వెంట్రుకంత గీత ఉన్నా దాన్ని పక్కన పెట్టేసేది, ఎవరు సర్దిచెప్పినా తిరిగి తీసుకునేది కాదు. ఆమె చేతి మీదుగా వెళ్ళిన జోడు ముక్కు మీద నొక్కుతోందనో, చెవి వెనక కోస్తోందనో వెనక్కి రావడం లేదని యజమానురాలు గమనించింది. కొన్నాళ్ళకి కొత్తజోళ్ళు కూడా ఆఖరుసారి పిచ్చుక చూశాకే బయటికి వెళ్ళసాగాయి. ఇంటికొచ్చే వేళ పిల్ల నడకే మారిపోయిందని నానమ్మ అంది.

ఒక్క చిక్కు మిగిలింది. రేడియోగారు రోజూ కూతురితో పాటే షాపుకి వచ్చి, ముందు గదిలో కస్టమర్ల కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. లోపల ఎవరైనా పిచ్చుకని ఏదైనా అడిగితే తెర ఇవతలినుంచి ఈయన జవాబు వచ్చేది. మీరిక్కడ ఉండటం మన ఏర్పాటులో లేదు కదా సార్ అని పొడుగాయన మెత్తగా అన్నారు. నేనొక మూల కూర్చుంటాను, నా నీడ కూడా పడనివ్వను అన్నారు ఈయన. నీడ సంగతేమో గానీ గొంతు మాత్రం పడుతూనే ఉంది. గొంతు గుర్తుపట్టిన కస్టమర్లు కూడా ఒకరిద్దరు ఆగి మాట కలిపేవారు. ఆయనకీ పొద్దు పోయేది.

అలా మాట కలిపిన ఒకావిడే ఒక పొద్దున జరిగిన గొడవకి కారణమైంది. పాపం, ఆమె తప్పేం లేదు. భర్త జోడు బాగుచేయించడానికి వచ్చి, ఈయన గొంతు విని మురిసిపోయింది. మా ఇంట్లో మీ వార్తలు వినందే అన్నం తినేవాళ్ళం కాదంది. రేడియోగారి గుండె ఉప్పొంగింది. మీ జోడు బాగుచేసేది మా అమ్మాయేనండీ, పిలుస్తానుండండి అని లేచారు.

పిచ్చుక ఆ సమయంలో ఒక సన్నటి ఫ్రేములో లెన్సు కూర్చోబెడుతోంది. చెవులకి హెడ్‌ఫోన్లున్నాయి. ఆయన తెర తీసుకుని వెళ్ళి, అవి తీసేసి, చెయ్యి పట్టుకుని లేపారు. పక్కనే మిషన్ కీచుమంటోంది. ముందు గదిలోకి తెచ్చి నిలబెట్టి, "అమ్మగారికి నమస్కారం చెప్పమ్మా. ముఖం చూసి చెప్పు," అన్నారు.

పిచ్చుక పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆయన మొదటి అక్షరం అందించారు. అప్పుడు పిల్ల నోటినుంచి, "శుభోదయం నాన్నగారూ, రాత్రి బాగా నిద్రపట్టిందా," అని వచ్చింది. వచ్చినావిడ మెత్తగా నవ్వింది. వెక్కిరింపు ఏమీ లేదు అందులో. కానీ రేడియోగారి ముఖం చిన్నబోయింది. "అది కాదమ్మా, ఇంకోసారి," అన్నారు.

పిచ్చుక పిడికిళ్ళు బిగించి తన తల మీద తనే కొట్టుకుంది. ఒక్కసారి కాదు. తర్వాత బల్ల కిందికి దూరి ముడుచుకుపోయింది. ఆమె భుజం తగిలి ఒక ట్రే కిందపడింది, జోళ్ళన్నీ చెల్లాచెదురయ్యాయి. యజమానురాలు పరుగున వచ్చి మిషన్ ఆపించింది. లైటు ఆర్పింది. వచ్చినావిడని మెల్లిగా బయటికి నడిపించింది. మేడమ్ చెప్పినట్టే ఎవరూ దగ్గరికి పోలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక్క రేడియోగారి గొంతే మోగుతోంది. "ఏం కాలేదమ్మా, లే, నాన్నని చూడు, చెప్పు, ఏమైందో నోటితో చెప్పు," అని.

"సార్," అంది యజమానురాలు, "దయచేసి కాసేపు మాట్లాడకండి."

ఆ మాట ఆయనతో జన్మలో ఎవరూ అనలేదు.

పిల్ల కుదుటపడ్డాక ఆయన టాక్సీ పిలిచి ఇంటికి తీసుకొచ్చారు. రేపటి నుంచి షాపు లేదు, టాబ్లెట్ లేదు, ఏదీ లేదని గుమ్మంలోనే ప్రకటించారు. పిచ్చుక తన గదిలోకి పోయి దుప్పటి కప్పుకుంది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన భార్యకి సంగతంతా నానమ్మ చెప్పింది. ఆవిడ యూనిఫాం మార్చుకోకుండానే ఆయన ఎదుట కూర్చుంది.

నలుగురిలో పిల్ల తల బాదుకుంటుంటే చూడలేకపోయానని, దాన్ని కంటికి రెప్పలా పెంచింది ఇందుకు కాదని ఆయన అన్నారు. ఆవిడకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"మీరు దాన్ని మాట్లాడించారండీ. కాదనను. మీరు కాకపోతే ఆ మాత్రం కూడా వచ్చేది కాదు. కానీ ఎప్పుడైనా దానితో మాట్లాడారా?"

ఆయన ఒంటికాలి మీద లేచారు. రోజూ మాట్లాడుతూనే ఉన్నానన్నారు. అది అప్పజెబుతోంది, మీరు దిద్దుతున్నారు, అంతేనంది ఆవిడ. అక్కడితో ఆ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. నానమ్మ ఒక్కర్తే పడుకునే దాకా ఏదో గొణుగుతూ తిరిగింది.

మర్నాడు పొద్దున పాల దగ్గర ఆయన నిలబడ్డారు గానీ పిచ్చుక రాలేదు. కప్పు స్టూలు మీదే ఉండిపోయింది.

భార్య ఆ రోజు డ్యూటీ మానేసి సెంటర్‌కి ఫోను చేసింది. మధ్యాహ్నం ముగ్గురూ కలిసి ఇంటికొచ్చారు. తలుపు తీసిన నానమ్మ వాళ్ళని ఎగాదిగా చూసింది. "ముగ్గురూ ఒక్కసారే వచ్చారేంటి నాయనా? ఇంట్లో ఎవరికైనా అంత సీరియస్సా?" అంది. పొడుగాయన గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికి వస్తూ, ఎవరికీ ఏం కాలేదు బామ్మగారూ, టీ తాగడానికొచ్చామన్నారు.

టీలు వచ్చాయి, ఎవరూ ముట్టుకోలేదు. రేడియోగారు ముందే అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నారు. మీ ప్రయోగం విఫలమైందన్నారు. మా అమ్మాయి బయట ఉద్యోగాలకి పనికిరాదని మీరే ఒప్పుకోండి అన్నారు.

మేడమ్ తన జోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అమ్మాయి ఎక్కడా తప్పలేదండీ. తప్పు మా ముగ్గురిదీ. గదిని సిద్ధం చేశాం, మనుషుల్ని సిద్ధం చేశాం. మిమ్మల్ని ఒక్కరినే వదిలేశాం. రోజూ వచ్చి ముందు గదిలో కూర్చునే మనిషి మనసులో ఏముందో ఒక్కరం కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పండి."

ఆయన ఆ ప్రశ్నకి సిద్ధంగా లేరు. పోట్లాటకైతే సిద్ధమే.

"నేను పోయాక దీనికి ఎవరున్నారు?" అన్నారు చివరికి. ఆ గొంతు వార్తలు చదివే గొంతులా లేదు. "దారి తప్పితే అడగాలి. ఒంట్లో బాగోకపోతే చెప్పాలి. ఎవడైనా ఏమైనా అంటే ఎదురు చెప్పాలి. అన్నిటికీ నోరే కదమ్మా. ఆ నోరు తెప్పించడానికి నేను నా ప్రాణం పెట్టాను. ఇప్పుడు మీరొచ్చి అదేం అక్కర్లేదు, పలక మీద రాసుకోమంటున్నారు."

స్పీచ్ అమ్మాయి కళ్ళు చెమర్చాయి. మీరు తెప్పించిన ఒక్క మాట కూడా వృథా పోలేదని, ఆ మాటలన్నీ పిల్ల లోపల ఉన్నాయి కాబట్టే ఇవాళ రాయగలుగుతోందని ఆమె చెప్పింది. చెబుతుండగానే గది తలుపు తెరుచుకుంది.

పిచ్చుక వచ్చింది. దుప్పటి ఇంకా భుజాల మీదే ఉంది. చేతిలో టాబ్లెట్. ఎంతసేపట్నుంచి కొడుతోందో, అది నిండుగా ఉంది. అలవాటు ప్రకారం స్పీచ్ అమ్మాయి అందుకుని, రాసింది చదివి వినిపించే బటన్ నొక్కబోయింది. పిచ్చుక ఆమె చెయ్యి పక్కకి తీసేసింది. తండ్రి దగ్గరికి నడిచి, దాన్ని ఆయన ఒళ్ళో పెట్టింది.

"నాన్న," అంది. ఎవరూ అందించని మాట. "చదువు."

రేడియోగారు దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, చదవడం మొదలుపెట్టారు. బతుకంతా ఎదుట కాగితం పెడితే చదివిన మనిషి. మొదటి వాక్యం అదే ధాటితో వచ్చింది.

"నాన్నా. నా దగ్గర మాటలు చాలా ఉన్నాయి. నోటికి చాలా దూరం. వేలికి దగ్గర. నువ్వు నేర్పిన వాక్యాలు నీవి. అవి చెప్పేటప్పుడు నా మాటలు కనపడకుండా పోతాయి. మిషన్ చప్పుడు భయం. నిన్న వచ్చిన ఆమె భయం కాదు. నీ ముఖం మారితే భయం. నేను తప్పు చెబితే..."

అక్కడ ఆయన ఆగారు. నానమ్మ కుర్చీలో ముందుకి వంగింది. ఆయనే మళ్ళీ అందుకున్నారు, ఈసారి చిన్నగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

"నేను తప్పు చెబితే నీ ముఖం చిన్నగా అవుతుంది. అది చూడలేక కిందికి చూస్తాను. నువ్వు చూడు అంటావు. కళ్ళజోళ్ళ దగ్గర ఎవరి ముఖమూ చిన్నగా అవదు. అక్కడ నేను అలసిపోను. రేపు వెళతాను. నువ్వు కుర్చీలో కూర్చోవద్దు. కోపం కాదు. నువ్వు ఇంటి దగ్గర ఉంటే నేను వచ్చి నీకు చెబుతాను. నువ్వు చదవాలి."

చదవడం అయిపోయినా ఆయన కళ్ళు ఆ తెర మీదినుంచి రాలేదు. అన్నేళ్ళూ ఆయన ఎవరెవరి మాటలో లోకానికి చదివి వినిపించారు. సొంత కూతురి మాట చదవడం ఇదే మొదలు. కన్నీళ్ళు జారి గడ్డం దాకా వచ్చాయి, తుడుచుకోలేదు. పిచ్చుక ఆయన ముఖం వైపు చూడలేదు. చూడమని ఆయనా అనలేదు. ఆమె వచ్చి పక్కన కూర్చుని తన భుజాన్ని ఆయన భుజానికి గట్టిగా ఆనించింది. అదే ఆమె కౌగిలింత. ఆయనకి అది ఎప్పుడూ తెలిసిందే, కానీ లెక్కలోకి తీసుకోలేదు.

భార్య లేచి వంటింట్లోకి వెళ్ళింది. చల్లారిన టీలు మళ్ళీ వేడిచేసే నెపంతో అక్కడ చాలాసేపు ఉండిపోయింది.

ఆ సాయంత్రం ముగ్గురూ వెళ్ళే ముందు కొత్త ఏర్పాటు తయారైంది. ఆయన భయాలన్నీ ఒక్కొక్కటిగా బయటపెట్టించారు. దారి తప్పితే ఏం చెయ్యాలో, ఒంట్లో బాగోకపోతే ఎలా తెలపాలో, ఎవరైనా ఇబ్బంది పెడితే ఏ మాట చూపించాలో టాబ్లెట్లో ముందే సిద్ధంగా ఉంచుతామని స్పీచ్ అమ్మాయి అంది. ఆ మాటలు ఎలా ఉండాలో మాత్రం పిచ్చుకే చెప్పాలంది. షాపుకి ఒంటరిగా వెళ్ళడం మెల్లిమెల్లిగా అలవాటు చేద్దామన్నారు పొడుగాయన. మొదట షాపు మెట్ల దాకా, తర్వాత వీధి మలుపు దాకా నాన్న తోడు. పోయి రమ్మనే నానమ్మ మాత్రం ఎప్పుడూ గుమ్మంలోనే. నా సంగతి కూడా రాసుకున్నారా అని నానమ్మ సంతోషించింది.

మర్నాడు మెట్ల దగ్గర ఆయన ఆగిపోయారు. లోపలికి తొంగిచూడాలని ప్రాణం లాగింది. యజమానురాలు నుదుటి మీద జోడుతో బయటికొచ్చి, చెల్లాచెదురైన జోళ్ళన్నీ అలాగే ట్రేలో పోసి ఉంచానని, వేరేవాళ్ళు ముట్టుకుంటే అమ్మాయి ఒప్పుకోదని తెలుసునని అంది. మొన్న మిమ్మల్ని అలా అన్నందుకు ఏమీ అనుకోవద్దంది. ఆయన చేతులు జోడించి, ఆ మాట మీరు ముందే అనాల్సిందమ్మా అన్నారు. లోపలినుంచి కూనిరాగం వినిపించింది. చిక్కగా ఉంది. ఆయన వెనక్కి తిరిగి నడిచారు.

నెల తిరిగేసరికి తోడు మలుపు దాకా తగ్గింది. సాయంత్రాలు పిచ్చుక వచ్చి వరండాలో తండ్రి పక్కన కూర్చుంటుంది. ఆయన ఒక్క ప్రశ్న అడుగుతారు. అడిగి ఆగుతారు. ఆగడం ఆయనకి అంత తేలిగ్గా పట్టుబడలేదు. రేడియోలో నిశ్శబ్దం వస్తే ఉద్యోగానికే ముప్పు. అందుకని మొదట్లో చేతులు ఒళ్ళో బిగించి పట్టుకునేవారు. ఇప్పుడు వీధిలో పోయేవాళ్ళని చూస్తూ, గాలి పీలుస్తూ కూర్చుంటున్నారు. కూతురు రాసింది ఆయన చదువుతారు, పైకే చదువుతారు. వంటింట్లో పనిచేసుకుంటున్న భార్య చెవులు రెండూ అక్కడే పెడుతుంది.

ఒక సాయంత్రం ఆయన చాలా రోజులుగా మనసులో నలుగుతున్న మాట అడిగారు. "నా గొంతంటే నీకు ఇష్టమేనా అమ్మా?"

పిచ్చుక ఊగింది. ఎదురింటి మెట్లమీద దీపం వెలిగింది. ఒక సైకిలు పోయింది. ఆయన ఆగారు. ఆమె వేలు తెర మీదికి వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళింది. రాసి ఆయన చేతికిచ్చింది.

"చాలా ఇష్టం," అని చదివారాయన. ఆ ఆనందంలో రెండో వాక్యం మరింత పెద్దగా, వీధి చివరి దాకా వినిపించేలా చదివేశారు. "కానీ కొంచెం చిన్నగా మాట్లాడు, నేను పక్కనే ఉన్నాను."

వంటింట్లోంచి భార్య నవ్వు, దాని వెనకే నానమ్మ నవ్వు వినిపించాయి. పిచ్చుక చేతులు గాలిలో టపటపలాడాయి. రేడియోగారు నవ్వబోయి, కళ్ళు తుడుచుకుని, కూతురి వైపు కొంచెం వంగి, ఆమెకి మాత్రమే వినపడేంత చిన్నగా, "సరేనమ్మా," అన్నారు.